అరచేతిలో ఆడిన బొమ్మలు

అమెరికా దేశపు పడమటి తీరాన శాన్ ఫ్రాన్సిస్కో అనే పెద్ద నగరం ఉన్నది. అక్కడి నుంచి దక్షిణంగా సుమారు 60 కిలోమీటర్లు పోతే మౌంటెన్ వ్యూ అనే ఊరు వస్తుంది. పేరులో కొండ ఉన్నది గాని, ఊరు మాత్రం సముద్రపు పాయ పక్కన బల్లపరుపు నేల మీద ఉన్నది. కొండలు దూరాన కనిపిస్తాయి, అంతే.

పిల్లలూ, ఈ ప్రాంతాన్నే లోకమంతా సిలికాన్ వ్యాలీ అంటుంది. ఇక్కడ వీధిలో తెలుగు మాట వినపడితే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. మీలో కొందరి అన్నయ్యలో, పిన్నులో, బాబాయిలో ఈ చుట్టుపక్కల సన్నీవేల్, ఫ్రీమాంట్ వంటి ఊళ్ళలో కాపురం ఉండే ఉంటారు. ఎప్పుడైనా వాళ్ళ ఇంటికి వెళితే, మౌంటెన్ వ్యూలో ఉన్న కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం చూపించమని అడగండి. అందాకా ఆగలేనివాళ్ళు ఇప్పుడే నా వెంట రండి.

షోర్‌లైన్ బులెవార్డ్ అనే వెడల్పాటి రోడ్డు పక్కన అద్దాలతో మెరిసే భవనం ఒకటి ఉన్నది. అదే ఈ మ్యూజియం. 2003 నుంచి ఇక్కడ ఉన్నది. అంతకు మునుపు ఈ భవనం సిలికాన్ గ్రాఫిక్స్ అనే కంపెనీది. 1993లో వచ్చిన జురాసిక్ పార్క్ సినిమాలో రాక్షసి బల్లులు పరుగెత్తుతాయి, చూశారా? ఆ బల్లులను కంప్యూటరు మీద కదిలించినవాళ్ళు వాడినవి ఆ కంపెనీ యంత్రాలే. కదిలే బొమ్మ కావాలంటే అంత ఖరీదైన యంత్రాలు కావలసిన కాలం అది. అటువంటి కాలం ఇంకా గడవక ముందే, చొక్కా జేబులో పట్టే యంత్రం మీద బొమ్మలను ఆడించాలని కొందరు పూనుకున్నారు. ఈ నెల మనం చెప్పుకోబోయేది వాళ్ళ సంగతే.

మ్యూజియంలోకి వెళ్ళగానే ఒక తేడా గమనించండి. ఇక్కడి యంత్రాలలో చాలా భాగం అద్దాల వెనక నిద్రపోతూ ఉంటాయి. కొన్ని మాత్రం మేలుకొని ఉంటాయి. పీడీపీ-1 అనే పాత కంప్యూటరు ఒకటి ఉన్నది. బీరువాలు వరసగా నిలబెట్టినంత ఉంటుంది. 1962లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యార్థులు దీని మీద స్పేస్‌వార్ అనే ఆట తయారుచేశారు. గుండ్రటి తెర మీద రెండు చిన్న ఓడలు ఒక నక్షత్రం చుట్టూ తిరుగుతూ ఒకదాన్నొకటి కాల్చుకుంటాయి. పాతబడి మూలపడిన ఈ యంత్రాన్ని కొందరు ఇంజనీర్లు జీతం పుచ్చుకోకుండా, ఏళ్ళ తరబడి కూర్చుని బాగుచేశారు. ఆ ఆట ఇప్పటికీ నడుస్తుంది. చూడవచ్చినవాళ్ళ చేత ఆడిస్తారు కూడా.

అద్దాల వెనక నిద్రపోయే వస్తువు వేరు, నడిచే వస్తువు వేరు. ఈ మాట మనసులో పెట్టుకుని ముందుకు రండి.

చేతి యంత్రాలు పెట్టిన గదిలో అన్నిటికన్నా నన్ను నిలబెట్టేసింది ఒక చెక్క ముక్క! అరచేయంత ఉంటుంది. దాని మీద తెర మాదిరి ఒక కాగితం అంటించి ఉన్నది. దీన్ని చేసినాయన పేరు జెఫ్ హాకిన్స్. ఆ రోజులలో సెల్‌ఫోను ముఖ్యంగా మాట్లాడుకోవడానికే పనికివచ్చేది. చిరునామాలు, ఫోను నెంబర్లు, ఏ రోజున ఏ పని అన్న వివరాలు దాచుకోవడానికి జేబులో పట్టే డైరీ యంత్రం ఒకటి ఉంటే బాగుంటుందని హాకిన్స్ తలచాడు. ఎంత ఉండాలి? ఎక్కడ ఏ బొత్తాం ఉండాలి? ముందే లక్షలు ఖర్చుపెట్టి యంత్రం తయారుచేయకుండా, చెక్క ముక్క ఒకటి కోయించి జేబులో వేసుకున్నాడు. చైనావాళ్ళు అన్నం తినే పుల్లనొకదాన్ని చెక్కి కలం చేసుకున్నాడు. ఎవరైనా, “రేపు కలుద్దామా?” అంటే, జేబులో నుంచి చెక్క తీసి, పుల్లతో దాని మీద రాస్తున్నట్టు నటించేవాడు! చూసినవాళ్ళు నవ్వుకున్నా ఆయన లక్ష్యపెట్టలేదు.

ఆ చెక్క ముక్కే 1996లో నిజం యంత్రమై అమ్మకానికి వచ్చింది. దాని పేరు పైలట్; తరువాత పామ్ పైలట్ అయింది. ఇటువంటి వాటిని పర్సనల్ ఆర్గనైజర్లు అన్నారు. మన భాషలో చేతి డైరీలు అనుకుందాం. గోడ గడియారాలలో వేసే బ్యాటరీల కంటె సన్నని బ్యాటరీలు రెండు వేస్తే వారాల తరబడి పనిచేసేది.

మరి దీని మీద బొమ్మను కదిలించగలమా? కాగితం, పెన్సిలు తీసుకోండి. లెక్క వేద్దాం.

పైలట్ తెర మీద అడ్డంగా 160, నిలువుగా 160 చుక్కలు ఉండేవి. మొత్తం 25,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క నలుపా, తెలుపా అన్న సంగతి గుర్తుంచుకోవడానికి ఒక బిట్ చోటు కావాలి. 8 బిట్లు ఒక బైట్. అంటే ఒక్క బొమ్మకు 3,200 బైట్లు. బొమ్మ కదిలినట్టు కనిపించాలంటే కొద్ది కొద్ది తేడాతో సెకనుకు 12 బొమ్మలయినా చూపాలి. సెకనుకు 38,400 బైట్లు అయినాయి. మొదటి పైలట్‌కు ఉన్న జ్ఞాపకశక్తి అంతా కలిపి 1,31,072 బైట్లు. భాగించి చూడండి. మూడున్నర సెకన్లు గడవక ముందే యంత్రం మొత్తం నిండిపోతుంది! ఇక చిరునామాలు పెట్టుకునే చోటెక్కడ?

అయితే ఉపాయం లేకపోలేదు. ఆ ఉపాయం మీ వాకిట్లోనే ఉన్నది.

మీ అమ్మగారు ఒక కొత్త ముగ్గు వేశారనుకోండి. దాన్ని ఊళ్ళో ఉన్న మీ పెద్దమ్మకు ఫోనులో చెప్పాలి. “ఇక్కడ ఒక పిండి రేణువు, దాని పక్కన ఇంకొకటి” అంటూ మొదలుపెడితే తెల్లవార్లూ చెప్పినా తెమలదు. ఎవరూ అలా చెప్పరు కదా! “ఏడు చుక్కలు, ఏడు వరసలు. మొదటి వరసలో నాలుగో చుక్కను నాలుగో వరసలో మొదటి చుక్కకు కలుపు” అంటారు. నాలుగు మాటలలో ముగ్గు అక్కడికి చేరుతుంది. పెద్దమ్మ వాకిలి పెద్దదైతే ముగ్గు పెద్దదవుతుంది, చిన్నదైతే చిన్నదవుతుంది. ముగ్గు మాత్రం అదే.

చుక్క చుక్కనూ దాచిన బొమ్మను బిట్‌మ్యాప్ అంటారు. గీయడం ఎలాగో చెప్పే మాటలనే దాచిన బొమ్మను వెక్టర్ అంటారు. ఒక వంపు గీత కావాలంటే మూడు స్థానాలు చెబితే చాలు: మొదలు, చివర, గీతను ఎటువైపు లాగాలో చెప్పే మరొక స్థానం. దారాన్ని రెండు మేకుల మధ్య వదులుగా కట్టి, నడుమ వేలుతో లాగితే ఎలా వంగుతుందో అలాగన్నమాట.

కదిలించడానికి కూడా ఇటువంటి ఉపాయమే ఉన్నది. తోలుబొమ్మలాట ఆడేవాళ్ళు హనుమంతుడు చెయ్యి ఎత్తిన ప్రతిసారీ కొత్త బొమ్మ కోస్తారా? కోయరు. చెయ్యి వేరు, తల వేరు చేసి, కీళ్ళ దగ్గర కట్టి, పుల్లతో ఆడిస్తారు. కంప్యూటరులోనూ అంతే. ఒక బంతి తెర ఎడమ వైపు 5వ చుక్క దగ్గర నుంచి కుడి వైపు 235వ చుక్క దాకా 24 బొమ్మలలో దొర్లాలనుకోండి. బంతిని ఒక్కసారి గీస్తారు. మొదలు 5, చివర 235 అని చెబుతారు. 24 బొమ్మల మధ్య 23 అంగలు. 230ని 23తో భాగిస్తే అంగకు 10 చుక్కలు. నడుమ ఉన్న 22 బొమ్మలూ యంత్రమే లెక్క కట్టుకుని గీసుకుంటుంది. దాచవలసినది ఎంత తగ్గిపోయిందో చూశారా?

ఈ ఉపాయాలను చక్కగా కూర్చి లోకానికి ఇచ్చినవారిలో ముఖ్యుడు జోనథన్ గే. చిన్నప్పుడు ఇళ్ళు కట్టే శిల్పి కావాలనుకున్నాడు. కంప్యూటరు దొరికాక, తన మనసులో ఉన్నదాన్ని వెంటనే కట్టి చూసుకోవచ్చునని అటు తిరిగాడు. 1993లో ఫ్యూచర్‌వేవ్ అనే చిన్న కంపెనీ పెట్టాడు. అప్పట్లో గో అనే కంపెనీ ఒకటి కలంతో రాసే కంప్యూటరు పలకల కోసం పెన్‌పాయింట్ అనే ఏర్పాటు తయారుచేసింది. ఆ పలకల మీద బొమ్మలు గీసుకోవడానికి గే స్మార్ట్‌స్కెచ్ అనే సాధనాన్ని చేశాడు. పాపం, పలకలు కొనేవారు లేకపోయారు. 1994లో ఆ ప్రయత్నమే మూతపడింది. పలక పోయింది, దాని కోసం చేసిన సాధనం మిగిలింది.

గే దాన్ని మామూలు కంప్యూటర్లకు మార్చాడు. తరువాత బొమ్మలను కదిలించే శక్తి కూడా చేర్చాడు. 1996లో అది ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్ అనే పేరుతో వెలువడింది. ఆ ఏడాది చివర మాక్రోమీడియా కంపెనీ దాన్ని కొనుక్కుని, ఫ్లాష్ అని పేరు పెట్టింది. అప్పుడు ఇంటర్నెట్ ఇళ్ళకు టెలిఫోను తీగల మీద నత్తనడకన వచ్చేది. ముగ్గును నాలుగు మాటలలో పంపే ఫ్లాష్‌కు ఇంకేం కావాలి? దేశదేశాల పిల్లలూ పెద్దలూ దానితో కార్టూనులు, ఆటలు, పాఠాలు తయారుచేశారు. ఫిల్ము కెమెరా అక్కరలేదు, స్టూడియో అక్కరలేదు. ఇంట్లో కూర్చుని సినిమా తీసినట్టే!

ఇక మళ్ళీ చేతి డైరీల దగ్గరికి వద్దాం. 2000 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ కంపెనీ పాకెట్ పీసీ అనే చేతి యంత్రాల రకాన్ని తెచ్చింది. వాటిలో పేరుపడినది కాంపాక్ కంపెనీ ఐపాక్. రంగుల తెర, అడ్డంగా 240, నిలువుగా 320 చుక్కలు. కలం కోసం పుట్టి, కలం యంత్రం పోతే పెద్ద కంప్యూటరు పంచన చేరిన ఫ్లాష్, ఇప్పుడు మళ్ళీ కలం యంత్రం మీదికి వచ్చింది. 2002 నాటికి పాకెట్ పీసీల మీద ఫ్లాష్ బొమ్మలు ఆడుతున్నాయి. సోనీ కంపెనీ క్లియే అనే చేతి డైరీలలో కూడా కొన్నిటికి ఫ్లాష్ అమర్చింది.

రావడం వచ్చింది గాని, సుఖంగా ఆడలేదు. చిక్కులు చూడండి.

మొదటి చిక్కు లెక్కలది. ఐపాక్‌లోని యంత్రపు మెదడుకు దశాంశాల లెక్కలు చేసే ప్రత్యేక భాగం లేదు. దశాంశం వస్తే చుట్టుతిరుగుడుగా చేసి ఆలస్యం చేసేది. ఇక్కడ ఫ్లాష్ ముందుచూపు కొంత అక్కరకు వచ్చింది. ఫ్లాష్ తెర మీది చుక్కను 20 భాగాలు చేసి, ఆ భాగాలలో కొలుస్తుంది. 3.25 చుక్కలు అనదు, 65 భాగాలు అంటుంది. రూపాయి మూడుంపావు అనకుండా 325 పైసలు అన్నట్టు! అయినా, ఒకదాని మీద ఒకటి మసకగా కనిపించే రంగులు ఎక్కువైతే బొమ్మ కుంటేది.

రెండవది తెర చిక్కు. పైనా కిందా పట్టీలు పోను బొమ్మకు మిగిలేది 240కి 268 చుక్కలే. పెద్ద కంప్యూటరు కోసం గీసినది ఇందులో చీమల బారులా కనిపించేది. పైగా పెద్ద కంప్యూటరుకు మౌస్ ఉంటుంది. బాణం గుర్తు బొత్తాం మీదికి వస్తే చాలు, నొక్కకుండానే బొత్తాం రంగు మారేటట్టు చేయవచ్చు. కలం అలా కాదు. తెరను తాకితేనే ఉన్నట్టు, తాకకపోతే లేనట్టు. అందుచేత బొమ్మలు చేసేవాళ్ళు అరచేతి తెర కోసం అన్నీ మళ్ళీ ఆలోచించవలసి వచ్చింది. తక్కువ గీతలు, పెద్ద బొత్తాలు, ఒకేసారి ఒకటే కదలిక.

మూడవ చిక్కు అన్నిటికన్నా కఠినమైనది. ఆ రోజుల పాకెట్ పీసీలలో మీరు చేర్చుకున్న బొమ్మలూ, రాతలూ కరెంటు ఉన్నంతసేపే నిలిచే జ్ఞాపకంలో ఉండేవి. బ్యాటరీ పూర్తిగా అయిపోయిందా, సర్వమూ చెరిగిపోయేది. మళ్ళీ ఛార్జి చేస్తే యంత్రం లేస్తుంది గాని, దానికి మీరెవరో తెలియదు! 2005లో విండోస్ మొబైల్ 5 వచ్చిన తరువాతనే ఈ బాధ తీరింది.

ఇన్ని తంటాలూ పడిన ఈ చేతి డైరీలు ఏమైనాయి? ఫోనులు వాటిని మింగేశాయి. చిరునామా, డైరీ, కెమెరా, సినిమా అన్నీ ఫోనులోకి వచ్చినాక, వేరే డైరీ ఎవరికి కావాలి? 2007లో వచ్చిన ఐఫోను ఫ్లాష్‌ను లోపలికి రానివ్వనేలేదు. బ్యాటరీని త్వరగా తినేస్తుందనీ, దొంగలు చొరబడే కంతలు ఉన్నాయనీ ఫ్లాష్ మీద ఫిర్యాదులు పెరిగినాయి. మాక్రోమీడియాను కొనుక్కున్న అడోబీ కంపెనీ 2011లో ఫోనుల కోసం ఫ్లాష్‌ను పెంచడం మానుకున్నది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌ను పూర్తిగా ముగించింది. 2021 జనవరి 12 నుంచి అడోబీవారి ఫ్లాష్ బొమ్మలు ఆడించడం ఆపేసింది.

పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మన తాతముత్తాతలు రాసిన తాటాకు గ్రంథం పురుగు తినకపోతే, భాష తెలిసిన మనిషి దాన్ని ఎప్పుడైనా చదవగలడు. కంటికి కనబడే అక్షరం కదా! కంప్యూటరు బొమ్మ అలా కాదు. దానిలో ఉన్నవి బొమ్మ గీయమని చెప్పే మాటలు. ఆ మాటలు తెలిసిన యంత్రం ఒకటి బతికి ఉంటేనే బొమ్మ బతుకుతుంది. పాతికేళ్ళపాటు ఎందరెందరో చేసిన బొమ్మలు ఒక్క తేదీతో ఊరుకోవలసిందేనా?

దీనికి జవాబు శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్నది. మళ్ళీ ఉత్తరంగా ప్రయాణం కట్టి, నగరంలో ఫన్‌స్టన్ అవెన్యూకు వెళదాం. తెల్లని పెద్ద స్తంభాలతో దేవాలయంలా కనిపించే భవనం ఒకటి వస్తుంది. ఒకప్పుడు ఇది చర్చి. ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ ఇల్లు. బ్రూస్టర్ కాల్ అనే ఆయన దీన్ని స్థాపించింది కూడా 1996లోనే. చూశారా, పైలట్‌కూ, ఫ్యూచర్‌స్ప్లాష్‌కూ, వాటిని దాచబోయే ఈ ఇంటికీ ఒకటే పుట్టిన సంవత్సరం!

లోపల పెద్ద హాలులో పూర్వం జనం ప్రార్థనకు కూర్చున్న బల్లలు ఉన్నాయి. గోడ వారన నల్లని యంత్రాలు నిలబడి నీలి దీపాలు మిణుకుమిణుకుమంటూ ఉంటాయి. లోకంలో ఎక్కడో ఎవరో ఒక పుస్తకమో పాటో తీసుకున్నప్పుడల్లా వాటిలో ఒక దీపం మినుకుతుందట. బల్లల పక్కన మూడడుగుల మట్టిబొమ్మలు వరసగా ఉంటాయి. అవి దేవుళ్ళవీ కావు, రాజులవీ కావు. ఇక్కడ కొన్నేళ్ళు పనిచేసిన ఉద్యోగుల బొమ్మలు!

2020 నవంబరులో, ఫ్లాష్‌కు గడువు దగ్గరపడిన రోజులలో, ఈ సంస్థ ఫ్లాష్ కార్టూనులనూ ఆటలనూ చేర్చి దాచడం మొదలుపెట్టింది. దాచడమే కాదు, ఆడించడం కూడా. అందుకు వాడినది రఫుల్ అనే కొత్త సాధనం. కొందరు ఔత్సాహికులు కలిసి దాన్ని తయారుచేశారు. పాత ఫ్లాష్ మాటలను చదివి, అర్థం చేసుకుని, ఈనాటి కంప్యూటర్ల మీదా ఫోనుల మీదా అదే బొమ్మను గీస్తుంది. అన్ని బొమ్మలూ ఇంకా సరిగా ఆడవు గాని, చాలా భాగం ఆడతాయి. ఇది ఎలా సాధ్యమైనది? ముగ్గు మాటలలో ఉన్నది గనుక! ఫ్లాష్ మాటలకు అర్థాలు చెప్పే పుస్తకాన్ని అడోబీ 2008లో ఎటువంటి షరతులూ లేకుండా అందరికీ విడిచిపెట్టింది. మాటల అర్థం తెలిస్తే, పాత యంత్రం పోయినా కొత్త యంత్రానికి నేర్పవచ్చు. 2022లో ఇదే సంస్థ పామ్ డైరీల ఆటలనూ సాధనాలనూ కూడా ఈనాటి తెరల మీద నడిచేటట్టు ఏర్పాటు చేసింది. 2002లో అరచేతిలో కుంటుతూ నడిచిన బొమ్మ ఇప్పుడు మీ నాన్నగారి ఫోనులో హాయిగా పరుగెత్తుతుందన్నమాట.

పెద్దలకు ఒక మాట. మీ ఇంటి బీరువాలో కూడా మూగబోయిన పాత ఫోనో, చేతి డైరీయో ఉండి ఉంటుంది. అందులో పాప మొదటిసారి గీసిన పిచ్చిగీతలో, తాతగారి గొంతో ఉండవచ్చు. ఛార్జరు దొరికే రోజులలోనే దాన్ని లేపి, లోపల ఉన్నవాటిని మరొక చోటికి మార్చండి. ఒక చోట కాదు, రెండు చోట్ల పెట్టండి.

పిల్లలకు ఒక పని. లెక్కల పుస్తకంలో 16 అడ్డం, 16 నిలువు గళ్ళు గుర్తుపెట్టుకుని అందులో ఒక ఇంటి బొమ్మ గీయండి. గడి గడికీ నలుపా, తెలుపా అని చెబితే 256 మాటలు కావాలి. అలా కాకుండా, ఏ గడి నుంచి ఏ గడికి గీత గీయాలో మాత్రమే ఒక కాగితం మీద రాయండి. 20 మాటలు దాటకుండా చూసుకోండి. బొమ్మను దాచేసి, నెల తరువాత ఆ కాగితాన్ని బొమ్మ చూడని స్నేహితుడికి ఇచ్చి గీయమనండి. మీ ఇల్లే వచ్చిందా, సంతోషం. ఇల్లు తలకిందులైతే మాత్రం, గళ్ళను పై నుంచి లెక్కపెట్టాలో కింది నుంచి లెక్కపెట్టాలో మీరు రాయడం మరిచారన్నమాట. అది కూడా చేర్చి, మళ్ళీ ఇచ్చి చూడండి.